సీఆర్‌పీ 6 ఉన్న రాత్రే అపెండిక్స్ సంగతి తెలియాల్సిందా?

ప్రశ్న: డాక్టర్ గారూ, మా తమ్ముడికి 24 ఏళ్లు. ఈమధ్య ఒకరోజు మధ్యాహ్నం 3 గంటలకి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. ఒకసారి వాంతి అయింది. ఏమీ తిననన్నాడు. రాత్రి 9 గంటలకి ఆసుపత్రికి తీసుకెళ్లాం. జ్వరం లేదు. పొట్ట ఎక్కడ నొక్కినా ఒకేలా ఉందన్నాడు. తెల్ల రక్తకణాలు 13,200, వాటిలో న్యూట్రోఫిల్స్ అనే రకం 82 శాతం, లింఫోసైట్స్ అనే రకం 13 శాతం, ఒంట్లో వాపుని చూపే సీఆర్‌పీ 6 వచ్చాయి. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనబడలేదన్నారు. రాత్రికి ఉంచి చూద్దామన్నారు. పొద్దున 10 గంటలకి వాడే "నొప్పి తగ్గిందక్కా, ఇంటికెళ్దాం" అన్నాడు. మధ్యాహ్నానికి జ్వరం 101.5. పొట్ట కుడివైపు ముట్టుకోనివ్వలేదు. 3 గంటలకి మళ్లీ రక్తం తీస్తే తెల్లకణాలు 16,800, న్యూట్రోఫిల్స్ 90, లింఫోసైట్స్ 6, సీఆర్‌పీ 94, బిలిరుబిన్ 1.9, సోడియం 132. సీటీ తీసి సాయంత్రమే ఆపరేషన్ చేశారు. అపెండిక్స్ కుళ్లి, కొసన చిల్లు పడిందట. ఆరో రోజు ఇంటికొచ్చాడు, ఇప్పుడు బాగానే ఉన్నాడు.

కానీ ఇంట్లో ఒకటే గొడవ. మొదటి రాత్రి రిపోర్టులోనే తీవ్రత తెలియాలి కదా అని నాన్న. 6 ఉన్నది ఒక్క రోజులో 94 ఎలా అవుతుంది, ఏదో ఒక రిపోర్టు తప్పయి ఉంటుందని మావారు. బిలిరుబిన్ పెరిగిందంటే లివర్ కూడా దెబ్బతిందా అని అమ్మకి టెన్షన్. నాకు ఇద్దరు పిల్లలు, ఏడేళ్లు, పదకొండేళ్లు. కడుపునొప్పి అన్నప్పుడల్లా సీఆర్‌పీ చేయిస్తే ముందే పట్టుకోవచ్చా?

సమాధానం: మీ తమ్ముడు లేచి తిరుగుతున్నాడు, ముందు అది సంతోషం. ఇక మీ నాన్నగారి మాట. ఆ రాత్రి 9 గంటల రిపోర్టులో ఏదో మొదలైందన్న అనుమానానికి చోటుంది, తీవ్రత మాత్రం లేదు. అది అప్పటికింకా రక్తంలోకే రాలేదు.

అపెండిసైటిస్‌ని మనవాళ్లు 24 గంటల నొప్పి అంటారు. 24 గంటలు దాటితే పగిలిపోతుందని ఆ పేరు పెట్టారు. అది అక్షరాలా నిజం కాదు. కొందరికి రెండు రోజులైనా పగలదు, కొందరికి రోజు గడవకముందే చిల్లు పడుతుంది. కానీ ఈ జబ్బును గంటల్లో లెక్కపెట్టాలని ఆ పేరు పెట్టినవాళ్లకి తెలుసు. రక్తపరీక్షలనూ అలాగే చదవాలి. నొప్పి మొదలై ఎన్ని గంటలైందో ఏ ల్యాబ్ రిపోర్టు మీదా రాసి ఉండదు. మీ ఉత్తరంలో ఉంది కాబట్టి నేను ఈ నాలుగు మాటలు చెప్పగలుగుతున్నాను.

ముందు లోపల ఏం జరిగిందో చూద్దాం. అపెండిక్స్ పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నటి గొట్టం. సాధారణంగా 6 నుంచి 10 సెంటీమీటర్ల పొడవు. ఒక కొస మూసుకుపోయి ఉంటుంది. గట్టిపడిన మలపు ఉండ అడ్డుపడటం వల్లో, గోడలోని లింఫ్ కణజాలం వాయడం వల్లో రెండో కొస కూడా మూసుకుపోతే లోపల ఊరే జిగురుకి దారి ఉండదు. గొట్టం ఉబ్బుతుంది. ఈ దశలో నొప్పి బొడ్డు దగ్గర తెలుస్తుంది. అపెండిక్స్ నుంచి వచ్చే నరాలూ, బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నరాలూ వెన్నుపాములో ఒకే చోటికి చేరతాయి. కబురు ఎక్కడిదో మెదడు తేల్చుకోలేదు. తర్వాత ఒత్తిడికి సిరలు నొక్కుకుపోతాయి, గోడ ఇంకా వాస్తుంది, పేగులోని బ్యాక్టీరియా ఆ గోడలోకి చొరబడతాయి. వాపు బయటి పొర దాకా వచ్చి పొట్ట లోపలి గోడకి తగిలితే నొప్పి కుడివైపు కిందికి దిగుతుంది. ఇక ఇక్కడే అని వేలు పెట్టి చూపిస్తారు. ఇంతవరకూ మామూలు అపెండిసైటిస్. రక్తం అందక గోడ చచ్చుబడితే గ్యాంగ్రీన్, చచ్చుబడిన చోట తెగితే చిల్లు, చుట్టూ పేగులు చేరి కప్పేస్తే చీముగడ్డ. ఈ మూడింటినీ కలిపి సంక్లిష్ట అపెండిసైటిస్ అంటాం. డాక్టర్లు తీవ్రత గురించి మాట్లాడుతున్నారంటే రోగి ఈ రెంటిలో ఏ గట్టున ఉన్నాడని అడుగుతున్నట్టే.

రక్తంలో దీని జాడలు అన్నీ ఒకేసారి రావు. ముందుగా వచ్చేవి తెల్లకణాలు. ఎముక మజ్జలో న్యూట్రోఫిల్స్ నిల్వ ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది. కబురు అందితే చాలు, కొద్ది గంటల్లో రక్తంలోకి దిగుతాయి. మామూలుగా 4,000 నుంచి 11,000 మధ్య ఉండే లెక్క మీ తమ్ముడికి నొప్పి మొదలైన ఆరు గంటలకే 13,200 అయింది. అయితే తెల్లకణాలు ఊరికే కూడా బెదురుతాయి. తీవ్రమైన నొప్పికీ, వాంతులకీ, శరీరం మీద పడే ఏ ఒత్తిడికైనా కొంత పెరుగుతాయి. అందుకే 13,000 చూసి ఎవరూ కత్తి పట్టుకోరు.

సీఆర్‌పీ నడక వేరు. అది లివర్ తయారుచేసే ప్రొటీన్. 1930లో న్యుమోనియా రోగుల రక్తంలో దీన్ని మొదట గమనించారు. ఆ బ్యాక్టీరియా నుంచి తీసిన 'సి' అనే పదార్థంతో కలిసి అవక్షేపం అవుతుంది కాబట్టి సి రియాక్టివ్ ప్రొటీన్ అన్నారు. వాచిన చోటి నుంచి ఇంటర్‌ల్యూకిన్-6 అనే రసాయనం లివర్‌ని చేరాలి, లివర్ ప్రొటీన్ తయారుచేయాలి, అది రక్తంలో పోగవ్వాలి. ఇదంతా కలిసి రిపోర్టులో తేడా కనబడటానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. అక్కడి నుంచి ఆగకుండా పెరుగుతూ పోయి దాదాపు 36 నుంచి 50 గంటల మధ్య శిఖరానికి చేరుతుంది. మీ తమ్ముడి రక్తం మొదటిసారి తీసింది సరిగ్గా ఆరో గంటలో. లివర్‌లో పని అప్పుడే మొదలవుతోంది. 6 రావడంలో వింతేమీ లేదు.

కాబట్టి మొదటి పన్నెండు గంటల్లో తెల్లకణాల మాట ఎక్కువ వింటాను, రెండో రోజు సీఆర్‌పీ మాట. నొప్పి మొదలైన ఆరు గంటలకి సీఆర్‌పీ మామూలుగా ఉంటే అది నాకేమీ చెప్పనట్టే. అదే సీఆర్‌పీ, తెల్లకణాలు రెండూ 30 గంటల తర్వాత కూడా మామూలుగా ఉన్నాయంటే, పెద్దవాళ్లలో అపెండిసైటిస్ అయ్యే అవకాశం బాగా తగ్గిపోతుంది. ఉడికిందో లేదో చూడటానికి ఒక్క మెతుకు చాలంటారు. ఇక్కడ మాత్రం రెండో మెతుకు కూడా పట్టి చూడాలి, మధ్యలో కొన్ని గంటలు ఆగి.

ఇక మీవారి అనుమానం. ఒక్క రోజులో 6 నుంచి 94 అవడం సీఆర్‌పీకి మామూలు విషయం. తీవ్రమైన ఇన్ఫెక్షన్లలో వందలు కూడా దాటుతుంది. అయితే ఆయన అనుమానపడిన తీరు మంచిదే, ఎందుకంటే సీఆర్‌పీ రిపోర్టుల్లో నిజంగానే ఒక బోల్తా కొట్టించే చోటు ఉంది. కొన్ని ల్యాబులు లీటరుకి మిల్లీగ్రాముల్లో ఇస్తాయి, కొన్ని డెసిలీటరుకి మిల్లీగ్రాముల్లో. రెంటికీ పది రెట్లు తేడా. ఒక ల్యాబ్‌లో 9.4 అని, మరో దాంట్లో 94 అని ఉంటే రెండూ ఒకటే కావచ్చు. అంకె పక్కన ఉన్న కొలమానం, దాని పక్కనున్న మామూలు పరిధి చూడకుండా రెండు రిపోర్టులు పోల్చొద్దు. మీ రెండూ ఒకే ఆసుపత్రివి, ఒకే కొలమానం అయి ఉంటుంది, అయినా ఒకసారి చూడమనండి. ఇంకో సంగతి, గుండె జబ్బు రిస్క్ కోసం చేసే హై సెన్సిటివిటీ సీఆర్‌పీ అని ఒకటుంది. అది అతి చిన్న తేడాలు పట్టడానికి. కడుపునొప్పికి అది అక్కర్లేదు.

ఇప్పుడు మీ తమ్ముడి అంకెల్నే పట్టుకుని లెక్క వేద్దాం. అపెండిసైటిస్ అనుమానం ఎంత బలంగా ఉందో మార్కులేసి చెప్పే స్కోర్లున్నాయి. 1986లో వచ్చిన అల్వరాడో స్కోరు వాటిలో ఒకటి. అందులో తెల్లకణాలు, న్యూట్రోఫిల్స్ ఉన్నాయి గానీ సీఆర్‌పీ లేదు. 2008లో వచ్చిన ఎయిర్ స్కోరులో సీఆర్‌పీని కూడా చేర్చారు. మొత్తం 12 మార్కులు. వాంతికి 1. కుడివైపు కింద నొప్పికి 1. నొక్కి వదిలినప్పుడు కలుక్కుమనడానికీ, కండరం బిగుసుకోవడానికీ ఎంత ఉంటే అంత, 1 నుంచి 3. జ్వరం 38.5 డిగ్రీల సెల్సియస్, అంటే 101.3 ఫారెన్‌హీట్, లేదా అంతకు మించితే 1. న్యూట్రోఫిల్స్ 70 నుంచి 84 శాతానికి 1, 85 పైన 2. తెల్లకణాలు 10,000 నుంచి 15,000 లోపు ఉంటే 1, ఆపైన 2. సీఆర్‌పీ 10 నుంచి 49కి 1, 50 పైన 2.

రాత్రి 9 గంటలకి వాంతికి 1, తెల్లకణాలకి 1, న్యూట్రోఫిల్స్‌కి 1. మొత్తం 3. ఈ స్కోరులో 4 వరకూ తక్కువ అనుమానం కింద లెక్క. పెద్దగా నలతగా లేకపోతే మర్నాడు రమ్మని ఇంటికి పంపినా తప్పు పట్టరు. వాళ్లు ఉంచుకుని చూశారు, అది జాగ్రత్తే. మర్నాడు 3 గంటలకి అదే లెక్క వేయండి. వాంతి 1, కుడివైపు నొప్పి 1, పొట్ట ముట్టుకోనివ్వలేదన్నారు కాబట్టి కనీసం 2, జ్వరం 1, న్యూట్రోఫిల్స్ 2, తెల్లకణాలు 2, సీఆర్‌పీ 2. మొత్తం 11. తొమ్మిది, ఆపైన వస్తే గట్టి అనుమానం. పద్దెనిమిది గంటల్లో 3 నుంచి 11. మీ నాన్నగారికి ఈ రెండు లెక్కలూ పక్కపక్కన రాసి చూపించండి.

ఇంకొక చిన్న లెక్క సీబీసీ, అంటే రక్తకణాల లెక్క రిపోర్టుతో ఎవరైనా వేసుకోవచ్చు. న్యూట్రోఫిల్స్ శాతాన్ని లింఫోసైట్స్ శాతంతో భాగించండి. శరీరం మీద ఒత్తిడి పెరిగేకొద్దీ న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్స్ తగ్గుతాయి కాబట్టి ఈ నిష్పత్తి తేడాను పెద్దది చేసి చూపిస్తుంది. రాత్రి 82ని 13తో భాగిస్తే 6.3. మర్నాడు 90ని 6తో భాగిస్తే 15. చాలా అధ్యయనాల్ని కలిపి చూసినప్పుడు సుమారు 5 దగ్గర అపెండిసైటిస్ అనుమానం, 9 దగ్గర సంక్లిష్ట దశ అనుమానం బలపడుతున్నట్టు తేలింది. ఖర్చు లేని కొలత, నాకిష్టం. కానీ మంచి గొంతు ఇన్ఫెక్షన్ వచ్చినా ఇది పెరుగుతుంది, మరిచిపోవద్దు.

బిలిరుబిన్ దగ్గరికి వద్దాం, అమ్మగారి టెన్షన్ అది. అపెండిక్స్ నుంచి సిరల్లో వెళ్లే రక్తం నేరుగా గుండెకి పోదు. పేగులన్నిటి రక్తంలాగే పోర్టల్ సిర ద్వారా ముందు లివర్‌కి చేరుతుంది. గోడ కుళ్లి చిల్లు పడితే ఈ.కోలి లాంటి బ్యాక్టీరియా, వాటి విషాలు ఆ దారిన లివర్‌ని చేరతాయి. ఆ విషాల ధాటికి లివర్ కణాలు పైత్యరసాన్ని వదలడంలో కాస్త మందగిస్తాయి. బిలిరుబిన్ కొద్దిగా పైకి లేస్తుంది, మిగతా లివర్ ఎంజైములు చాలాసార్లు మామూలుగానే ఉంటాయి. అందుకే అపెండిక్స్ అనుమానంలో బిలిరుబిన్ 1 దాటి కనబడితే మేం చిల్లు పడిందేమోనని ఆలోచిస్తాం. ఇది లివర్ పాడవడం కాదు, పక్కింట్లో మంటకి ఇక్కడ వేడి తగలడం. మూలం తీసేశాక సర్దుకుంటుంది.

ఇందులో ఒక తిరకాసు ఉంది. గిల్బర్ట్ సిండ్రోమ్ అని, ఏ హానీ లేని ఒక పుట్టుక లక్షణం కొందరికి ఉంటుంది. వాళ్లకి పస్తుంటే చాలు బిలిరుబిన్ పెరుగుతుంది. కడుపునొప్పితో వచ్చినవాడు ఎలాగూ తిని ఉండడు! మీ తమ్ముడికి రెండు మూడు వారాల తర్వాత ఒకసారి బిలిరుబిన్ చూడండి. మామూలుకి వస్తే ఆ సంగతి మరిచిపోవచ్చు. రాకపోతే కూడా కంగారు పడకుండా మిగతా లివర్ పరీక్షలతో కలిపి డాక్టరుకి చూపించండి. చాలా అరుదుగా పోర్టల్ సిరకే ఇన్ఫెక్షన్ పాకుతుంది. అప్పుడు చలి జ్వరం, కళ్లు పచ్చబడటం ఉంటాయి, మనిషి ఇలా తిరుగుతూ ఉండడు.

సోడియం 132 గురించి మీరు అడగలేదు, కానీ రిపోర్టులో నా కన్ను ముందు దాని మీదే పడింది. 135 కంటే తగ్గిన సోడియం పిల్లల్లోనూ పెద్దల్లోనూ సంక్లిష్ట అపెండిసైటిస్‌తో కలిసి కనబడుతోందని ఈమధ్య బాగా గమనిస్తున్నారు. వాంతుల వల్ల కొంత. వాపు తీవ్రమైనప్పుడు శరీరం నీటిని పట్టి ఉంచే హార్మోన్‌ని ఎక్కువగా వదలడం వల్ల కొంత. అందరూ చేయించుకునే మామూలు పరీక్షే, ఎవరూ పెద్దగా పట్టించుకోని అంకె. ప్రొకాల్సిటోనిన్ అని ఇంకోటి ఉంది. అపెండిసైటిస్ ఉందా లేదా తేల్చడానికి అది అంతగా పనికిరాదు, చీము, చిల్లు, రక్తంలోకి ఇన్ఫెక్షన్ ఉన్నప్పుడు మాత్రం పెరుగుతుంది.

ఇన్ని చెప్పాక ఒక మాట. వీటిలో ఏ ఒక్కదానికీ అపెండిక్స్ అడ్రసు తెలియదు. ఒంట్లో ఎక్కడో వాపు ఉందని చెబుతాయి, ఎక్కడో చెప్పవు. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఆడవాళ్లలో అండాశయం, ట్యూబుల సమస్యలు, పేగుల దగ్గరి లింఫ్ గ్రంథుల వాపు, ఊపిరితిత్తి కింది భాగంలో న్యుమోనియా, ఏదైనా ఇవే అంకెలు చూపించగలదు. చోటు చెప్పేది డాక్టరు చెయ్యి, స్కాన్. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ కనబడలేదంటే లేదని అర్థం కాదు. పేగులో గాలి అడ్డం వస్తే కనబడదు. కనబడి, 6 మిల్లీమీటర్లకంటే లావుగా ఉండి, నొక్కితే అణగకపోతే అది వాచినట్టు. మలపు ఉండ, బయటికొచ్చిన గాలి, చీము చేరిన చోటు ఇవన్నీ సీటీలో బాగా తెలుస్తాయి.

అంకెలు మోసం చేసిన రోజు ఒకటి నాకు ఇప్పటికీ గుర్తుంది. కొత్తగా డ్యూటీలు చేస్తున్నాను. డెబ్బై దాటిన పెద్దాయన, మూడు రోజులుగా నొప్పి, గట్టిగా మూలగడం కూడా లేదు. తెల్లకణాలు 8,400 ఉన్నాయి. మామూలే అని రాసి పక్క బెడ్‌కి వెళ్లబోతుంటే సీనియర్ వచ్చి ఆయన పొట్ట మీద అరచెయ్యి ఆనించారు. కుడివైపుకి రాగానే ఆయన ఊపిరి బిగబట్టారు. అంతే, ఒక్క క్షణం. సీనియర్ రిపోర్టు నా చేతికిచ్చి కింది వరుస చదవమన్నారు. న్యూట్రోఫిల్స్ 89 శాతం. మొత్తం లెక్క చూసి నేను ఆగిపోయాను, లోపలి వాటా చూడలేదు. లోపల గుప్పెడంత చీముగడ్డ ఉంది. వయసు పైబడినవాళ్లలో, షుగర్ బాగా ముదిరినవాళ్లలో, కీమోథెరపీ తీసుకుంటున్నవాళ్లలో తెల్లకణాలు పెరగకపోవచ్చు. స్టెరాయిడ్ మాత్రలు వాడేవాళ్లకి తిరకాసు రెండు వైపులా. జబ్బు లేకపోయినా తెల్లకణాలు ఎక్కువగా ఉంటాయి, జబ్బు ఉన్నా నొప్పి తక్కువగా తెలుస్తుంది. గర్భిణులకి ఏ రోగం లేకపోయినా 15,000 దాకా ఉండొచ్చు.

మళ్లీ మీ నాన్నగారి దగ్గరికి. రాత్రి ఎవరూ తప్పు చేశారని నేననను. నాకు అసంతృప్తి ఉన్నది పొద్దున గురించి. రాత్రి 9 తర్వాత మళ్లీ మధ్యాహ్నం 3 దాకా రక్తం తీయలేదు. ఉంచుకుని చూద్దాం అన్నప్పుడు చూడటం కూడా ఉండాలి కదా. కొన్ని గంటలకోసారి అదే డాక్టరు పొట్ట నొక్కి చూడటం, 8 నుంచి 12 గంటల్లో సీబీసీ, సీఆర్‌పీ మళ్లీ చేయడం నేనైతే కోరుకుంటాను. పొద్దున 7 గంటలకి చేసి ఉంటే సీఆర్‌పీ పైకి లేస్తున్నది తెలిసేది, సీటీ కొన్ని గంటలు ముందు జరిగేది. గ్యాంగ్రీన్ తప్పేదా అంటే మాత్రం అలా అనలేను. వాచిన ప్రతి అపెండిక్స్ నెమ్మదిగా నడిచి చిల్లు దాకా పోదు. కొన్ని మొదటి నుంచే కుళ్లే రకం, కొన్ని ఎన్నటికీ కుళ్లని రకం అని ఇప్పుడు చాలామంది సర్జన్లు నమ్ముతున్నారు. మామూలు దశలో ఉన్నవాళ్లని 8 గంటల్లోపు ఆపరేషన్ చేసే వర్గం, 24 గంటల్లోపు చేసే వర్గంగా విడదీసి చూసిన ఒక పెద్ద అధ్యయనం 2023లో వచ్చింది. చిల్లు పడటంలో రెండు వర్గాలకీ చెప్పుకోదగ్గ తేడా కనబడలేదు. మీ తమ్ముడిది కుళ్లే రకమే అయి ఉండొచ్చు.

పొద్దున 10 గంటలకి "నొప్పి తగ్గిందక్కా" అన్నాడు చూశారా, నన్ను ఎక్కువ భయపెట్టింది ఆ మాటే. ఉబ్బి బిగుసుకున్న గొట్టం తెగితే లోపలి ఒత్తిడి ఒక్కసారిగా తగ్గుతుంది. ఒకటి రెండు గంటలు మనిషి తేలికపడతాడు. తర్వాత చీము పొట్టలో పరుచుకుని నొప్పి, జ్వరం రెండూ పెద్దవై తిరిగొస్తాయి. నర్సుకి చెప్పారో లేదో రాయలేదు. ఇకముందు ఎవరికైనా ఇలా జరిగితే, గంటల తరబడి ఉన్న నొప్పి మందు లేకుండా హఠాత్తుగా తగ్గిందంటే ఇంటికి బయల్దేరొద్దు, డాక్టర్ని పిలిచి పొట్ట చూడమనండి.

తీవ్రత ముందే తెలుసుకోవాలని ఇంత తాపత్రయం దేనికంటే, దాన్ని బట్టి వైద్యం మారుతుంది. మామూలు దశలో ఉన్న కొందరికి ఇప్పుడు ఆపరేషన్ లేకుండా యాంటీబయాటిక్స్‌తో చూసే దారి కూడా ఉంది. అమెరికాలో 1,552 మందితో చేసి 2020లో ప్రచురించిన కోడా అధ్యయనంలో మందులతో మొదలుపెట్టిన ప్రతి పదిమందిలో ముగ్గురికి 90 రోజుల్లోపు ఆపరేషన్ చేయాల్సి వచ్చింది. స్కాన్‌లో మలపు ఉండ ఉన్నవాళ్లలోనైతే పదికి నలుగురు. ఫిన్‌లాండ్‌లో ఇలాంటివాళ్లని ఐదేళ్లు గమనిస్తే దాదాపు 39 శాతం మందికి జబ్బు తిరగబెట్టింది. ఆ దారిన పోవాలంటే ముందు లోపల కుళ్లు లేదని గట్టిగా తెలియాలి. సీఆర్‌పీ వంద దగ్గర, బిలిరుబిన్ పైన, సోడియం కింద ఉన్న మనిషికి, స్కాన్ బాగుందన్నా సరే, మందులతో చూద్దామని నేను తొందరపడి చెప్పను.

ఆపరేషన్ తర్వాత సీఆర్‌పీ ఇంకా పెరిగిందని కొందరు హడలిపోతారు. కోతకి కూడా శరీరం సీఆర్‌పీ తయారుచేస్తుంది, రెండు మూడు రోజులు ఎక్కువే ఉంటుంది. ఆ తర్వాత దిగాలి. దిగుతున్నది మళ్లీ ఎక్కితే, జ్వరం కూడా ఉంటే లోపల చీము చేరిందేమో చూస్తారు. మీ తమ్ముడికి అలాంటిదేమీ రాయలేదు కాబట్టి వదిలేద్దాం.

చివరికి పిల్లలు. కడుపునొప్పి అన్న ప్రతిసారీ సీఆర్‌పీ చేయించొద్దు. పిల్లల కడుపునొప్పుల్లో ఎక్కువభాగం మలబద్ధకం, అజీర్తి, జలుబు జ్వరాలతో వచ్చేవి. జలుబుకి సీఆర్‌పీ 20 వస్తుంది, మీరు రాత్రంతా నిద్రపోరు. ఇంకా ప్రమాదం ఏమిటంటే నిజమైన అపెండిసైటిస్ మొదటి నాలుగు గంటల్లో చేయిస్తే 3 వస్తుంది, మీరు ధైర్యంగా పడుకుంటారు. రక్తం కంటే ముందు మాట్లాడేది పిల్లల నడక. బొడ్డు దగ్గర మొదలై కుడివైపు కిందికి దిగిన నొప్పి, అడుగు వేస్తే, దగ్గితే, ఎక్కువవడం, కుడికాలు ముడుచుకుని పడుకోవడం, ముందు నొప్పి వచ్చి తర్వాత వాంతి రావడం, ఇష్టమైనది పెట్టినా వద్దనడం. పదకొండేళ్ల పిల్లని ఒక్కసారి గెంతమనండి. నవ్వుతూ గెంతితే కాస్త ఊపిరి పీల్చుకోవచ్చు. గెంతనని గోడ పట్టుకుని నిలబడితే ఆలస్యం చేయొద్దు. నొప్పి విడవకుండా నాలుగైదు గంటలు ఉన్నా, పొట్ట గట్టిగా చెక్కలా ఉన్నా, నొప్పితో పాటు జ్వరం వచ్చినా రాత్రయినా సరే తీసుకెళ్లండి. ఐదేళ్లలోపు పిల్లలు ఎక్కడ నొప్పో చెప్పలేరు, వాళ్లలో తెలిసేసరికే చిల్లు పడి ఉండటం ఎక్కువ కాబట్టి వాళ్ల విషయంలో ఇంత సేపు కూడా ఆగొద్దు. విరేచనాల మందు, ఎనిమా ఇవ్వొద్దు. పొట్ట మర్దన చేయొద్దు. ఇంట్లో మిగిలిపోయిన యాంటీబయాటిక్ అసలు వేయొద్దు, అంకెలు కాస్త దిగి మమ్మల్ని తప్పుదారి పట్టిస్తాయి. నొప్పి మందు వేస్తే జబ్బు దాగిపోతుందన్న పాత భయాన్ని ఇప్పుడు వైద్యులు ఒప్పుకోవడం లేదు. ఏది వేశారో, ఎన్నింటికి వేశారో చెబితే చాలు.

వెళ్లేటప్పుడు నొప్పి మొదలైన టైము ఒక కాగితం మీద రాసుకెళ్లండి. రక్తం తీసిన ప్రతిసారీ ఆ రిపోర్టు మూల మీద 'ఆరో గంట', 'ఇరవయ్యో గంట' అని పెన్నుతో రాయండి. రాత్రి డ్యూటీ డాక్టరు మారి పొద్దున ఇంకొకరు వచ్చినప్పుడు ఆ కాగితం వాళ్ల చేతిలో పెట్టండి.